చెడుగుడు బరిలో తెలుగు జట్టు

ఆటపాటల సంగతి స్త్రీల పత్రికలో నేల యని మీలో కొందరడుగవచ్చును. రెండేండ్ల క్రిందట నైనచో నేనును అట్లే యడిగియుందును. వ్రతములు, పథ్యపానములు, శిశుపోషణము మున్నగువానిని గూర్చియే గాని చెడుగుడును గూర్చి కలము పట్టుదునని నేను కలనైనను తలంపలేదు. పొరుగింటి బిడ్డ వచ్చి నన్నొక సాయ మడుగుటయు, దాని తల్లి నన్నొక ప్రశ్న వేయుటయు, ఆ ప్రశ్నకు నాకు సమాధానము తోచకపోవుటయు నీ వ్యాసమునకు కారణములు.

నేను పుట్టినది ఆదోని, మెట్టినది ఎమ్మిగనూరు. నడుమ దూరము ముప్పది కిలోమీటర్లకు మించదు గాని రెండూళ్ళ తీరులు వేరు. ఆదోనిలో మాటకు ముందు ప్రత్తి ధర వచ్చును. ఎమ్మిగనూరులో మగ్గము మాట వచ్చును. మాచాని సోమప్పగారు 1938లో నిచ్చట చేనేతవారికై సహకార సంఘమును నెలకొల్పిరి. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది. నేను కాపురమునకు వచ్చిన దినములలో మా వీధి పొడవునను మగ్గముల చప్పుడు వినవచ్చెడిది. ఇప్పుడు కొన్ని యిండ్లలోనే వినబడుచున్నది. అట్టి యిండ్లలో మా పొరుగిల్లొకటి.

2024వ సంవత్సరమున, దసరాకు ముందొక సాయంకాలము, ఆ యింటి యాడుబిడ్డ మా దొడ్డిగుమ్మమున నిలిచి లోనికి రాక తటపటాయించుచుండెను. అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఏమని యడిగితిని.

"పెద్దమ్మా, నన్ను చెడుగుడుకు జిల్లాకు తీసుకుపోతామన్నారు. మాయమ్మ పంపనంటాంది. నువ్వు చెప్తే వింటాది" అని తల వంచుకొని చెప్పెను.

ఇది యెంతపని యని నేను వెంటనే పోయి యా తల్లితో మాటలాడితిని. ఆమె నాడె విడువకుండనే నా మాటలన్నియు విని, చివరకు నావైపు తిరిగి, "అక్కా, నిక్కరేసుకొని నలుగుర్లో కిందామీదా పడతాదంట. కాలో చెయ్యో ఇరిగితే రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు? ఈ ఆటతో దానికి కూడు పుడ్తాదా? నీకూ ఆడబిడ్డుంది గదా, నువ్వైతే పంపిస్తావా?" అని యడిగెను.

నాకెనిమిదేండ్ల కూతురున్నది. పంపుదునని నోరార చెప్పలేకపోతిని. చెప్పియుంటినేని యది యబద్ధమై యుండెడిది. ఆ యేడు పిల్ల పోలేదు.

ఇంటికి వచ్చి మావారితో చెప్పగా, "నీవు చూడని యాటను గూర్చి నీవేమి వాదింతువు? ముందు చూడుము" అనిరి. బడిపంతుళ్ళకు ఇంటిలోను పాఠము చెప్పు నలవాటు పోదు గదా! అయినను ఆ మాట న్యాయమే యని తోచి, ఆ నెలలోనే యారంభమైన ప్రో కబడ్డీ పోటీలను టెలివిజనులో చూడ మొదలిడితిని. మా యింటనే కూర్చుండి చూచునట్లు ఆ పిల్లను, దానితోపాటు తల్లిని గూడ పిలిచితిని. తల్లి మొదట రెండు దినములు గడపకడనే నిలిచినది. మూడవ దినమున చాప మీద గూర్చుండినది.

ఆట మీ రెరిగినదే. ఒక్కొక్క పక్షమున నేడుగురు, నడుమ గీత. ఒకడు కూత పట్టి యవతలి బరిలో జొచ్చి, అందినవారిని తాకి, కూత విడువకుండ తిరిగి తన గీత జేరవలెను. పూర్వము ఊపిరియే గడియారము. ఇప్పుడు ముప్పది సెకండ్ల గడువు పెట్టినారు. పురుషులకు బరి పదుమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. స్త్రీలకు పండ్రెండు, ఎనిమిది. వరుసగా రెండు కూతలు వట్టిపోయినయెడల మూడవ కూతలో నేదేని సాధింపవలెను, లేనిచో ఆ యాటగాడు బరి విడువవలసినదే. ముగ్గురు గాని అంతకు తక్కువ గాని మిగిలిన పక్షము వచ్చినవానిని పట్టెనేని వారికొక పాయింటు అదనముగా వచ్చును. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది. కష్టదశలోనున్నవారి శ్రమకు వెల హెచ్చుగా గట్టు లోకరీతి మనమెచ్చటను చూడము.

పద్మవ్యూహ కథకును ఈ యాటకును పోలికగలదని చాలమంది చెప్పుదురు. నా మట్టుకు నాకు భేదమే పెద్దదిగా దోచినది. అభిమన్యునకు జొచ్చుట తెలియును, వెలువడుట తెలియదు. చెడుగుడులో జొచ్చుట యెవడైనను చేయును. విద్య యంతయు తిరిగి వచ్చుటయందే యున్నది. ఈ మాట నేననగానే పొరుగింటి పిల్ల, "మా సారుగూడా అదే చెప్తాడు పెద్దమ్మా, వచ్చేటప్పుడే కాలు పడ్తారని" అనెను.

ఈ పోటీలు 2014వ సంవత్సరము జూలై 26న ముంబయిలో మొదలైనవి. ఆనంద్ మహీంద్రాగారును, చారు శర్మగారును దీనికి పూనుకొన్నవారు. అంతకుముందు కబడ్డీ యాటగాని కుద్యోగము రైల్వేలోనో, పోలీసులోనో, బ్యాంకులోనో దొరకవలెనేగాని ఆటవలననే జీతము లేదు. తొలియేట ఎనిమిది జట్లు. వానిలో మన భాష పేరుతో నొకటి, తెలుగు టైటన్స్. 2017లో మరి నాలుగు చేరి పండ్రెండైనవి. తొలుత మన జట్టునకు విశాఖపట్టణము నెలవు, పిమ్మట హైదరాబాదు, మరల 2025లో విశాఖ. మా కర్నూలు జిల్లావారికి రెండును దూరమే గనుక టెలివిజనే శరణ్యము.

పేరు తెలుగే గాని జట్టులో వాసికెక్కినవారు పెక్కుమంది ఉత్తరదేశమువారు. తొలి ఆరు పోటీలలోను ఈ జట్టునకు ప్రాణమైయుండిన రాహుల్ చౌధరి ఉత్తరప్రదేశమందలి బిజ్నోరువాడు. ఈ పోటీల చరిత్రలో కూతలవలన అయిదువందల పాయింట్లను అందరికంటె ముందు గడించిన వాడాతడే. మావారి మిత్రులొకరు, "తెలుగువారు లేని తెలుగు జట్టేమి?" యని యాక్షేపించిరి. నాకు నవ్వు వచ్చినది. మన స్త్రీలము ఒక యింట బుట్టి, మరొక యింటి పేరు పెట్టుకొని, ఆ యింటి గౌరవమునకై జన్మమంతయు పాటుపడుదుము గదా; అప్పుడు మమ్మెవరును "నీవీ యింటిదానవు కావు" అని గెంటివేయరు గదా! (గెంటువారును గలరు, ఆ సంగతి మరొకప్పుడు.) బిజ్నోరు బిడ్డడు తెలుగు పేరు ధరించి చెమటోడ్చినచో వానిని మనవాడనుటకు నాకేమియు సంకోచము లేదు.

ఆదోనిలోని మా వదినె మాత్రమొప్పుకొనదు. ఆమె పుట్టినిల్లు కన్నడదేశము. ఆమె బెంగళూరు బుల్స్ పక్షము. 2024 అక్టోబరు 18న హైదరాబాదులో తొలి యాట మన జట్టునకును బుల్సునకును జరిగి మనవారు 37-29 తేడాతో గెలువగా, నేను ఫోను చేసితిని. ఆమె ఫోనెత్తలేదు.

ఇక జట్టు చరిత్రలోనికి వత్తము. 2015లో మూడవ స్థానము దక్కినది. ఆ తరువాత క్రమముగా దిగజారినది. కరోనా దినములలో, 2021 డిసెంబరు మొదలు జరిగిన పోటీలన్నియు ప్రేక్షకులు లేకుండ బెంగళూరులో నొక్క హోటలులోనే జరిపిరి. ఆ యేడు మనవారు ఇరువదిరెండాటలలో గెలిచినది ఒక్కటి. మరుసటి పోటీలో రెండు. ఆ మరుసటి పోటీలోను రెండే. అనగా మూడు పోటీలలో అరువదియారాటలకు అయిదు గెలుపులు. "ఇట్లోడిపోయేదాన్ని ఎందుకు చూస్తారక్కా?" యని పొరుగింటావిడ యడిగెను. ఆమె ప్రశ్నలన్నియు ఇట్టివే, జవాబు చెప్పుట కష్టము.

ఈ ఓటమికి నాకు దోచిన కారణమొకటి గలదు. నేను ఆటలో పండితురాలను కాను గాని ఇల్లు గడపుటలో నాకు పదునేడేండ్ల యనుభవము గలదు. ఆటగాండ్ర నీ జట్లవారు వేలములో గొందురు. ఆదోని మార్కెటు యార్డులో ప్రత్తికి ధర పలుకుట చిన్ననాట మా నాయనగారి వెంట బోయి చూచినదాననగుటచే, మనుష్యులకు ధర పలుకుట చూచినప్పుడు మొదట నా యొడలు గగుర్పొడిచినది. తరువాత నలవాటైనది, అదియే భయపడదగిన విషయము. 2023 వేలమునాటికి ఒక్కొక్క జట్టు వెచ్చింపదగిన మొత్తము అయిదు కోట్ల రూపాయలు. అందుతోనే జట్టునంతను సమకూర్చుకొనవలెను. ఆ యేడు మనవారు పవన్ సెహ్రావత్ అను ప్రసిద్ధుని ఒక్కనికే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసిరి. అనగా సగముకంటె నెక్కువ! సంతనాడు సంచి పట్టుకొని బోయి, సగము డబ్బుతో నొక పట్టుచీర కొని, మిగిలిన సగముతో నెలకు సరిపడు బియ్యము, పప్పు, నూనె, పిల్లల జీతములు సర్దుకొందమనుకొన్న గృహిణి గతి యేమగునో మనకు దెలియును. చీర మంచిదే. కాని యన్నము? పవన్ కూతకు పోయి బయటికి రాగానే వెనుక నిలిచి పట్టువారు చాలక జట్టు కూలెడిది. ఆ యేడు దక్కిన గెలుపులు రెండని ముందే చెప్పితిని.

ఆ పవన్ కథ వినదగినది. 2022లో తమిళ తలైవాస్ వారు వానిని 2 కోట్ల 26 లక్షల 50 వేలకు గొనిరి. మొదటి యాటలోనే మోకాలికి దెబ్బ తగిలి యా పోటీ యంతయు వాడాడలేదు. 2023లో పైన చెప్పిన ధర. 2024లో మనవారే వానిని మరల 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొనిరి. 2025లో తలైవాస్ వారు 59 లక్షల 50 వేలకు గొనిరి. ఆదోనిలో ప్రత్తి ధరయైనను మూడేండ్లలో నింతగా దిగుట యరుదు. కుర్రవాని విద్య యేమియు నాలుగవ వంతుకు దిగలేదు గదా. వయసు, మోకాలు, వేలమునాటి గాలి, ఇవి దిగినవి. 2014లో నందరికంటె హెచ్చు ధర పలికిన రాకేశ్ కుమారునకు వచ్చినది 12 లక్షల 80 వేలేయని తలచుకొన్నచో ఈ యంకెలన్నియు మాయగా దోచును.

2025లో మన జట్టువారు గృహిణుల మార్గము పట్టిరని చెప్పవచ్చును. ఒక్కనికే సంచి కుమ్మరింపలేదు. భరత్ హుడాను 81 లక్షలకు గొని, విజయ్ మలిక్‌ను నాయకునిగా నిలిపి, తక్కినది పట్టువారికిని పంచిరి. ఆగస్టు 29న విశాఖలో తమిళ తలైవాస్‌తో జరిగిన తొలి యాట మూడు పాయింట్లతో నోడిరి గాని, తరువాత లేచి, తుది యాటకు నొక్క మెట్టు క్రింది వరకును వచ్చి పుణేరీ పల్టన్ చేతిలో నోడిరి. ఆ రాత్రి మా యింట నెవరును సరిగా భోజనము చేయలేదు. పొరుగింటావిడ, "ఆ ఎడమపక్క మూలోడు ముందే దూకకుంటే!" యని మరునాడు కూడ గొణుగుచుండెను. ఏడాది క్రిందట గడపకడ నిలిచిన మనిషియే యీమె!

ఇట్టి ప్రాంతీయపు జట్ల సంగతి ఇతరదేశములలో నెట్లున్నదని మావారిని వెదకి చెప్పుమంటిని. ఫిలిప్పీను దీవులలో జనులకు బాస్కెట్‌బాల్ అనిన ప్రాణమట. అచ్చట మానీ పాక్వియావో యను జగద్విఖ్యాతుడైన ముష్టియోధుడు మహర్లికా అను పేరుతో నొక లీగును పెట్టగా, 2018 జనవరిలో పోటీలు మొదలైనవి. పెద్ద పట్టణములకే గాక చిన్న చిన్న మండలములకును జట్లు. ఆటలు నూరూరను తిరుగుచు జరుగును. నాకు ముచ్చట గొలిపినవి వారి పేర్లు. ధాన్యపు కొట్టనదగిన నూయేవా ఎసీహా మండలపు జట్టు పేరిలో బియ్యమున్నది. వారు 2022లో విజేతలు. పెద్ద పెద్ద రంగుల లాంతర్ల పండుగకు పేరొందిన పాంపాంగా జట్టు లాంతర్ల పేరు పెట్టుకొని 2023లోను, 2024లోను గెలిచినది. అబ్రా యను కొండసీమ జట్టు పేరు నేతగాండ్రు! ఈ మాట చెప్పగానే పొరుగింటావిడ మగ్గము నాపి, "మనోళ్ళ పేరా?" యని రెండుమారులు అడిగి నిజము చేసికొన్నది. మనకును టైటన్స్ అను గ్రీకు దైత్యుల పేరేల? ఎమ్మిగనూరునకు జట్టు వచ్చునా రాదా యనునది వేరు. వచ్చినయెడల పేరు మాత్రము సిద్ధముగా నున్నది.

ఇంతవరకు వ్రాసినదంతయు పురుషుల సంగతి. ఆడుబిడ్డ సంగతి యేమి? ఇచ్చటనే నా కలము కొంచెము కటువగును. ప్రో కబడ్డీలో పురుషులకు పండ్రెండు జట్లుండగా స్త్రీల కొక్కటియు లేదు. 2016లో మాత్రము పురుషుల పోటీల నడుమ స్త్రీలకు మూడు జట్లతో నొక చిన్న పోటీ పెట్టిరి. దాని తుది యాట జూలై 31న మన హైదరాబాదులోనే జరిగినది. ఒకవైపు తేజస్విని బాయి నాయకత్వమున స్టార్మ్ క్వీన్స్, మరొకవైపు మమతా పూజారి నాయకత్వమున ఫైర్ బర్డ్స్. చిట్టచివరి కూతలో 24-23గా, ఒక్క పాయింటుతో, తేజస్విని పక్షము గెలిచినది. అంత రసవత్తరముగా సాగిన పోటీని ప్రో కబడ్డీవారు మరల పెట్టరైరి. చూచువారు లేరని చెప్పుటకు వీలులేదు, చూపలేదు, అంతియే.

మమతా పూజారిగారు కర్ణాటకదేశపు కార్కళ ప్రాంతమువారు. దక్షిణమధ్య రైల్వేలో నుద్యోగము చేసినవారు. 2010లోను 2014లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారతజట్టులో నీమె యున్నది. 2012లో పాట్నాలో జరిగిన తొలి మహిళా ప్రపంచకప్పు గెలిచిన జట్టునకు నాయకురాలు. 2014లో అర్జున పురస్కార మందుకొన్నది. ఆమెకు కోట్ల వేలము లేదు. రైల్వే యుద్యోగ మున్నది. "ఈ ఆటతో కూడు పుడ్తాదా?" అను ప్రశ్నకు నేను దెచ్చిన జవాబిది. పొరుగింటావిడ కీ కథ చెప్పినప్పుడు అర్జున పురస్కారమును గూర్చి యేమియు ననలేదు గాని, రైల్వే మాట రెండవసారి చెప్పించుకొన్నది.

కాలు విరుగుట మాటయో? దానిని దాచలేదు. పవన్ మోకాలు పోయిన సంగతి నేనే చెప్పితిని. దెబ్బలు తగులును, ఒక్కొక్కప్పుడు పెద్దవియు తగులును, ఎవరును పూచీ యుండరు అని స్పష్టముగా జెప్పితిని. ఆమె చాలసేపు మౌనముగా నుండి, మగ్గము గుంటలో నుండి తన కాళ్ళు రెండును పైకి దీసి, మోకాళ్ళు చేతులతో నదుముకొనుచు, "ఈ గుంటలో ఇరవైయేండ్లు కూచున్నా. నా మోకాళ్ళు ఏమైనా మిగిలినాయా అక్కా?" యనెను. నేను మారుమాట పలుకలేదు.

2025లో జిల్లా పోటీలకు పిల్ల పోయినది. నిక్కరు సంగతి యొక లెగ్గిన్సుతో తీరినది. మోకాళ్ళు దిగి పాదముల దాక వచ్చునట్టిది, తల్లియే ఆదోనికి వచ్చి నా వెంట నంగడి యంగడి తిరిగి బేరమాడి కొన్నది. వీరి జట్టు మొదటి యాట గెలిచి రెండవ యాట నోడినది. పిల్ల మోచేయి చెక్కుకొనిపోయి, గొంతు బొంగురువోయి, ముఖము వెలిగిపోవుచు వచ్చెను. తల్లి గాయమునకు పసుపు పెట్టుచు, ఏమి తప్పు చేసినావో చెప్పుమని యడిగినది. "వచ్చేటప్పుడు కాలు పట్టినారమ్మా" అని పిల్ల.

నవంబరు 24న ఢాకాలో జరిగిన మహిళా ప్రపంచకప్పు తుది యాటలో రీతూ నేగి నాయకత్వమున మనవారు చైనీస్ తైపేను 35-28గా నోడించిరి. పోటీ మొత్తములో నుత్తమ క్రీడాకారిణిగా నెన్నికైన సంజూదేవి ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన పడుచు. ఆ వార్తను మేము మా యింటనే విన్నాము. మరునాటి యుదయమున నేను దొడ్డిలో ముగ్గు పెట్టుచుండగా, మా యమ్మాయి పొరుగింటి గోడకును తులసికోటకును నడుమ బొగ్గుతో గీత గీచికొని, ఊపిరి బిగబట్టి, కూత పట్టుచున్నది. గీత వంకరగా నున్నదని చెప్పి, బొగ్గు నా చేతిలోనికి దీసికొని నేనే సరిచేసితిని.